నీడకూ గడియారానికీ పొత్తు కుదిరే రోజు



ఏప్రిల్ 15, జూన్ 13, సెప్టెంబరు 1, డిసెంబరు 25. నీడ గడియారాల గురించి రాసిన పుస్తకం ఏది తిరగేసినా ఈ నాలుగు తేదీలు కనిపిస్తాయి. నీడ చూపించే వేళా, గోడ గడియారం చూపించే వేళా ఏడాదిలో ఈ నాలుగు రోజులే ఒకటవుతాయని చెబుతారు. ఆ మాట నమ్మి హైదరాబాదులో ఒకాయన ఏప్రిల్ 15న ఎండలో కర్ర పాతి కూర్చున్నాడనుకోండి. గడియారంలో పన్నెండు దాటి పదహారు నిమిషాలయ్యాక గానీ ఆ కర్ర నీడ సరిగ్గా ఉత్తరానికి రాదు. అదే రోజు విశాఖపట్నంలో కూర్చున్న ఆయనకు పన్నెండుకు ఇంకా మూడు నిమిషాలు ఉండగానే మిట్టమధ్యాహ్నం అయిపోతుంది.

పుస్తకంలో తప్పు లేదు. ఆ తేదీలు ఒకానొక గీత మీద ఉన్న ఊళ్ళవి. ఇంగ్లండులో గ్రీన్‌విచ్‌కు సరిపోతాయి. మన దేశంలో 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్న ఊళ్ళకు సరిపోతాయి. మిగతా ఊళ్ళకు వేరే తేదీలున్నాయి. కొన్ని ఊళ్ళలో ఏడాదికి నాలుగు రోజులు ఈ పొత్తు కుదురుతుంది, కొన్నిటిలో రెండే రోజులు, మరికొన్నిటిలో అసలు కుదరనే కుదరదు. ఎవరి ఊరి తేదీ వాళ్ళే లెక్క కట్టుకోవాలి. దానికి కూడిక, తీసివేత, కాస్త గుణకారం వస్తే చాలు. ఆ లెక్కను మీతో కలిసి చేద్దామని ఈ పూట మీ ముందుకు వచ్చాను. అందుబాటులో కాగితం, పెన్సిలు ఉంటే దగ్గర పెట్టుకోండి.

ముందుగా అన్నవరం వెళ్దాం. రత్నగిరి మీద సత్యనారాయణస్వామి గుడి దగ్గర ఒక నీడ గడియారం ఉంది. పిడపర్తి కృష్ణమూర్తి శాస్త్రిగారు 1943లో దాన్ని నిర్మించారు. వ్రతానికి వచ్చినవాళ్ళు దాని ముందు ఆగి, చేతి గడియారం చూసుకుని, రెండూ దగ్గర దగ్గరగా ఉన్నాయని ఆశ్చర్యపోతుంటారు. ఆశ్చర్యపోవలసిందే. ఏ ఊళ్ళో పడితే ఆ ఊళ్ళో నిలబెడితే నీడ గడియారం అంత దగ్గరగా రాదు. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82½ డిగ్రీల రేఖ అన్నవరానికీ తునికీ మధ్య నుంచి పోతుంది. ఉత్తరప్రదేశ్‌లో మీర్జాపూర్ పక్క నుంచి దిగివచ్చి మన తూర్పు తీరం దగ్గర సముద్రంలోకి వెళ్ళిపోయే గీత అది. అన్నవరం దానికి పడమరగా డిగ్రీలో పదో వంతు దూరంలో ఉంది. దేశం మొత్తానికి కాలం కొలిచే గీత పక్కనే, ఒక తెలుగు పండితుడు నీడతో కాలం కొలిచే గడియారం నిలబెట్టడం నాకు ఎప్పుడు తలుచుకున్నా సంతోషం కలిగించే విషయం.

ఇక్కడ ఒక చిన్న సంగతి. 1943 అంటే రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. 1942 నుంచి 1945 దాకా మన దేశంలో గడియారాలన్నిటినీ గంట ముందుకు జరిపి ఉంచారు. కాబట్టి ఆ నీడ గడియారం పుట్టిన ఏడాది, రత్నగిరి మీద నీడ పన్నెండు చూపించే వేళకు కొండ కింద స్టేషన్ గడియారంలో ఒంటిగంట కావస్తూ ఉండాలి. ఆ రెండూ దగ్గరపడింది యుద్ధం ముగిసి ముళ్ళు వెనక్కి తిప్పిన తరువాతే.

నీడ గడియారంలో ఏటవాలుగా నిలబెట్టిన భాగాన్ని శంకువు అంటారు. అది భూమి ఇరుసుకు సమాంతరంగా ఉండాలి. అంటే దాని వాలు అంచు ధ్రువనక్షత్రం వైపు చూడాలి. నేలతో అది చేసే కోణం ఆ ఊరి అక్షాంశానికి సమానం కావాలి, అన్నవరంలో 17 డిగ్రీల పైచిలుకు. అందుకే ఢిల్లీకోసం చేసిన నీడ గడియారాన్ని తెచ్చి తిరుపతిలో పెడితే పనికిరాదు. అయితే ఈ అక్షాంశం గడియారాన్ని కట్టడానికే కావాలి. ఏ రోజు కలుస్తుందో తేల్చడానికి దాంతో పని లేదు. ఆ లెక్కకు రేఖాంశం ఒక్కటే చాలు. కన్యాకుమారి, బెంగళూరు, భోపాల్ లాంటి ఊళ్ళు ఉత్తర దక్షిణాలుగా ఎంత దూరంలో ఉన్నా, రేఖాంశం ఒకటే అయితే లెక్కా ఒకటే.

అసలు నీడ ఏం చెబుతుంది? మన తల మీదుగా ఉత్తర దక్షిణాలుగా ఆకాశంలో ఒక గీత గీస్తే, సూర్యుడు ఆ గీతను దాటే క్షణమే మన ఊరికి మధ్యాహ్నం. నీడ గడియారానికి తెలిసింది అంతే, దానికి మన ఊరు తప్ప మరో ఊరు లేదు. గోడ గడియారం అలా కాదు. అది రెండు సర్దుబాట్లు చేసుకున్న కాలం. ఒకటి చోటుకు సంబంధించినది, రెండోది రుతువుకు సంబంధించినది. ఈ రెండూ విడదీసి చూస్తే లెక్క సగం అయిపోయినట్టే.

చోటు సంగతి తేలిక. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి ఒక డిగ్రీకి 4 నిమిషాలు. మన ప్రాంతపు అక్షాంశాల్లో తూర్పు పడమరలుగా దాదాపు 27 కిలోమీటర్లు వెళితే మధ్యాహ్నం ఒక నిమిషం మారుతుంది. పడమటి ఊరికి ఆలస్యంగా, తూర్పు ఊరికి ముందుగా. పూర్వం ఎవరి ఊరి మధ్యాహ్నం వాళ్ళదే. రైళ్ళు వచ్చాక అది చెల్లలేదు. దక్షిణాదిన మద్రాసు వేధశాల లెక్కగట్టిన మద్రాసు కాలం చాలా ఏళ్ళు రైళ్ళను నడిపింది. 1906 జనవరి 1న ప్రామాణిక కాలం వచ్చినప్పుడు మద్రాసు గడియారాలు దాదాపు 9 నిమిషాలు ముందుకు జరిగాయి. కలకత్తా 1948 దాకా, బొంబాయి 1955 దాకా తమ సొంత కాలాన్ని వదులుకోలేదు.

మన పాత జ్యోతిష గ్రంథాల్లో ఈ సవరణకు దేశాంతరం అని పేరు. వాళ్ళకు ఆధారరేఖ ఉజ్జయిని మీదుగా పోయేది. ఆ మాటే ఈ పూటంతా వాడుకుందాం. మీ ఊరి రేఖాంశాన్ని 82.5 లోంచి తీసేసి, వచ్చినదాన్ని నాలుగుతో హెచ్చిస్తే నిమిషాల్లో మీ ఊరి దేశాంతరం వస్తుంది. హైదరాబాదులో చార్మినార్ 78.47 డిగ్రీల దగ్గరుంది. 82.5 లోంచి తీసేస్తే 4.03, నాలుగుతో హెచ్చిస్తే 16 నిమిషాల పైన మరో ఆరేడు సెకన్లు. అంటే చార్మినార్ నీడ ఏడాది పొడుగునా ఈ పదహారు నిమిషాల ఆలస్యాన్ని మోస్తూనే ఉంటుంది.

రుతువు సంగతి ఇంత తేలిక కాదు, నాకు మాత్రం అందులోనే ఎక్కువ ఆనందం. ఒక మధ్యాహ్నం నుంచి మరుసటి మధ్యాహ్నానికి సరిగ్గా 24 గంటలని మనం అనుకుంటాం. ఏడాది మొత్తం మీద సగటు తీస్తే అది నిజం. రోజు రోజుకూ చూస్తే నిజం కాదు. డిసెంబరు మూడో వారం తరువాత వచ్చే రోజులు 24 గంటల కన్నా 30 సెకన్లు పొడుగు. సెప్టెంబరు నడుమ వచ్చే రోజులు 21 సెకన్లు పొట్టి. ఒక్క రోజుకు ఇది లెక్కలోకి రాదు. రోజుకు అరనిమిషం చొప్పున రెండు మూడు వారాలు పోగుపడితే మాత్రం గడియారం ఒక దారిన, నీడ ఒక దారిన పోతాయి.

దీనికి కారణాలు రెండు. మొదటిది, భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారి సరైన వలయం కాదు, కాస్త అండాకారం. జనవరి మొదటి వారంలో భూమి సూర్యుడికి దగ్గరగా, 14 కోట్ల 70 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. జులై మొదటి వారంలో 15 కోట్ల 20 లక్షల కిలోమీటర్ల దూరం పోతుంది. దగ్గరున్నప్పుడు సెకనుకు 30.3 కిలోమీటర్ల వేగం, దూరమైనప్పుడు 29.3. భూమి తన చుట్టూ తాను ఒక చుట్టు పూర్తిచేసేసరికి దారిలో కొంత ముందుకు జరిగిపోయి ఉంటుంది కాబట్టి, సూర్యుణ్ణి మళ్ళీ నడినెత్తి గీత మీదికి తెచ్చుకోవడానికి ఇంకో డిగ్రీ తిరగాలి. జనవరిలో జరగడం ఎక్కువ, కాబట్టి తిరగవలసిందీ ఎక్కువ, రోజూ పొడుగు. ఈ ఒక్క కారణమే నీడను ఏడాదిలో ఒకసారి ఏడున్నర నిమిషాలకు పైగా ముందుకూ, మరోసారి అంతే వెనక్కూ లాగుతుంది.

రెండో కారణం భూమి ఇరుసు వాలు, 23½ డిగ్రీలు. నక్షత్రాల మధ్య సూర్యుడు నడిచే దారి, భూమధ్యరేఖకు ఎదురుగా ఆకాశంలో ఉన్న వృత్తానికి ఏటవాలుగా ఉంటుంది. చదరపు మడిలో ఐమూలగా నడిచే మనిషి ఎంత చురుగ్గా అడుగులేసినా, తూర్పు గట్టుకు చేరువయ్యేది అందులో కొంతే. మార్చిలోనూ సెప్టెంబరులోనూ పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో సూర్యుడి నడక అలాంటిదే. జూన్, డిసెంబరు నెలల్లో నడకంతా తూర్పుకే సాగుతుంది. గడియారం లెక్కపెట్టేది ఆ తూర్పు నడకను మాత్రమే. ఈ కారణం ఏడాదికి రెండుసార్లు నీడను దాదాపు పది నిమిషాలు అటూ ఇటూ ఊపుతుంది. ఈ రెండు ఊపులూ కొన్ని నెలల్లో ఒకదానికొకటి తోడవుతాయి, కొన్ని నెలల్లో ఒకదాన్నొకటి తగ్గిస్తాయి. నవంబరులో తోడవుతాయి, అందుకే నవంబరు మన కథలో ముఖ్యమైన నెల.

ఇది పడమటి దేశాలలో లోలకం గడియారాలు వచ్చాక బయటపడిన విషయం అనుకుంటే పొరపాటు. ఐరోపా శాస్త్రవేత్త హైగెన్స్ లోలకం గడియారం చేసింది 1656లో. దానికి ఎంతో ముందే మన సిద్ధాంత గ్రంథాలు సూర్యుడి వేగం మారడం వల్ల వచ్చే సవరణకు భుజాంతరం అని పేరు పెట్టి లెక్కించాయి. దారి ఏటవాలు కావడం వల్ల వచ్చేదాన్ని ఉదయాంతరం అన్నారు. పదకొండో శతాబ్దంలో జ్యోతిష పండితుడు శ్రీపతి దాన్ని చెప్పాడు, 1150లో సిద్ధాంత శిరోమణి రాసిన భాస్కరాచార్యుడు దాన్ని తన గణితంలో చేర్చుకున్నాడు. గంటలకు బదులు ఘడియలు వాడుకున్నారు గాని, కారణాలు రెండని విడదీసి పట్టుకున్నారు. పంచాంగ గణితం చేసేవారికి దేశాంతర, భుజాంతర, ఉదయాంతరాలు ఈనాటికీ కొత్త మాటలు కావు. ఈ చివరి రెండిటినీ కలిపి ఇప్పటి ఖగోళ శాస్త్రం కాల సమీకరణం అంటుంది.

ఇప్పుడు కాగితం మీద రాసుకోవలసినవి చెబుతాను, నెమ్మదిగా. ఇది గీత మీద ఉన్న ఊరికి, అంటే దేశాంతరం సున్న అయిన ఊరికి. ఫిబ్రవరి 11న సూర్యుడు గడియారం కన్నా 14 నిమిషాల 15 సెకన్లు వెనకబడి ఉంటాడు. అక్కడి నుంచి దగ్గరవుతూ వచ్చి ఏప్రిల్ 15న కలుస్తాడు. మే 14న 3 నిమిషాల 40 సెకన్లు ముందుంటాడు, మళ్ళీ తగ్గి జూన్ 13న కలుస్తాడు. జులై 26న 6½ నిమిషాలు వెనక. సెప్టెంబరు 1న కలుస్తాడు. ఆ తరువాత రెండు నెలలు ఆగకుండా ముందుకు పోయి నవంబరు 3న 16 నిమిషాల 25 సెకన్లు ముందుంటాడు. అక్కడి నుంచి వేగంగా దిగి డిసెంబరు 25న కలుస్తాడు. లీపు సంవత్సరాల వల్ల ఈ తేదీలు ఒక రోజు అటూ ఇటూ కావచ్చు, సెకన్లు ఒకటి రెండు మారవచ్చు.

ఈ దిగడం, ఎక్కడం మీకు తెలియని సంగతేమీ కాదు. డిసెంబరు 22 దాటాక పగలు పెరుగుతుందని చదువుకున్నాం, అయినా సంక్రాంతి దాటే దాకా తెల్లవారడం ఇంకా ఆలస్యమవుతూనే ఉంటుంది. సాయంత్రాలు మాత్రం నవంబరు నెలాఖరు నుంచే పొడుగవడం మొదలుపెడతాయి. మధ్యాహ్నమే రోజూ అరనిమిషం చొప్పున గడియారంలో ఆలస్యమవుతుంటే, దానికి అటూ ఇటూ ఉన్న ఉదయాస్తమయాలు రెండూ దాంతో పాటు జరగక తప్పదు.

లెక్కకు కావలసిన సూత్రం ఒక్కటే. మీ ఊరు గీతకు పడమర ఉంటే, చోటు వల్ల సూర్యుడు ఆలస్యం. ఆ ఆలస్యానికి సరిగ్గా సమానంగా రుతువు వల్ల సూర్యుడు ముందుండే రోజు ఏదో, ఆ రోజే నీడా గడియారమూ కలుస్తాయి. మీ ఊరు గీతకు తూర్పున ఉంటే తిరగేసుకోండి.

విజయవాడతో మొదలుపెడదాం. రేఖాంశం 80.63. దేశాంతరం 1.87 ఇంటూ 4, అంటే ఏడున్నర నిమిషాలు, 450 సెకన్లు. సూర్యుడు ఏడున్నర నిమిషాలు ముందుండే రోజు కావాలి. మే నెలలో ఎక్కువలో ఎక్కువ 3 నిమిషాల 40 సెకన్లే, అది చాలదు. సెప్టెంబరు 1న సున్న, అక్కడి నుంచి రోజుకు 20 సెకన్ల పైచిలుకు పెరుగుతుంది. 450ని 20½తో భాగిస్తే 22 రోజులు. సెప్టెంబరు 23. దిగేటప్పుడు డిసెంబరు 25 నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. అప్పుడు రోజుకు 28 సెకన్లు. 450ని 28తో భాగిస్తే 16 రోజులు. డిసెంబరు 9. విజయవాడకు ఈ రెండే. పుస్తకంలో ఉన్న నాలుగు తేదీల్లో ఒక్కటీ విజయవాడది కాదు.

విశాఖపట్నం 83.3 దగ్గరుంది, గీతకు తూర్పున. అక్కడ సూర్యుడు 3 నిమిషాల 12 సెకన్లు ముందుగానే వస్తాడు, కాబట్టి రుతువు అంత వెనక్కి లాగాలి. అలాంటి రోజులు నాలుగున్నాయి. ఏప్రిల్ 4, జూన్ 28, ఆగస్టు 21, జనవరి 1. కొత్త సంవత్సరం మొదటి రోజున విశాఖ బీచిలో ఇసుకలో కర్ర పాతినా సరిపోతుంది. ఇంకా తూర్పుకు పోయి ఇచ్ఛాపురం చేరితే దేశాంతరం 8 నిమిషాల 48 సెకన్లు. జులైలో సూర్యుడు వెనకబడేది ఆరున్నరే కాబట్టి వేసవి తేదీలు పోతాయి. మిగిలేవి రెండు. ఒకటి మార్చి 16, రెండోది భోగికీ సంక్రాంతికీ నడుమ.

మరి నాలుగు రోజుల ఊళ్ళూ రెండు రోజుల ఊళ్ళూ ఎక్కడ విడిపోతాయి? పడమటి హద్దు మే నెల ముందడుగుతో తేలుతుంది, అది 81.58 డిగ్రీలు. తణుకులో నాలుగు రోజులు, తాడేపల్లిగూడెంలో రెండే. తూర్పు హద్దు జులై వెనకడుగుతో తేలుతుంది, అది 84.13. శ్రీకాకుళానికి నాలుగు, టెక్కలికి రెండు. అన్నవరం నాలుగు రోజుల ఊరే, పైగా గీతకు బాగా దగ్గర. దేశాంతరం 24 సెకన్లు. ఏప్రిల్ 17, జూన్ 11, సెప్టెంబరు 2, డిసెంబరు 24 అని నా లెక్క.

విజయవాడ నుంచి పడమటికి జరిగే కొద్దీ రెండు తేదీలూ దగ్గరవుతాయి. వరంగల్లుకు అక్టోబరు 5, నవంబరు 29. తిరుపతికి అక్టోబరు 8, నవంబరు 27. కడపకు అక్టోబరు 17, నవంబరు 18. చార్మినార్‌కు అక్టోబరు 28, నవంబరు 9. నవంబరు 3ను మధ్యలో పెట్టుకుని రెండు వైపుల నుంచీ దగ్గరవుతున్నాయి చూడండి. చివరకు రెండూ ఒకే రోజై కలిసిపోయే చోటు ఒకటి ఉండాలి. 16 నిమిషాల 25 సెకన్లను నాలుగుతో భాగించి 82.5 లోంచి తీసేస్తే 78.40 వస్తుంది. ఆ రేఖ హైదరాబాదు నగరంలోంచే పోతుంది. గోల్కొండ కోటకు దాదాపు ఆనుకుని పోతుంది. గోల్కొండ మీద నిలబడ్డవారికి నవంబరు 3 చుట్టుపక్కల ఒక్కసారి నీడా గడియారమూ ఒకటినొకటి తాకి విడిపోతాయి. చార్మినార్‌కు రెండు తేదీలుంటాయి. లింగంపల్లికి ఒక్కటీ లేదు. అక్కడ దేశాంతరం 16 నిమిషాల 44 సెకన్లు. ఏడాదంతా ఎదురుచూసినా 20 సెకన్ల దూరం మిగిలే ఉంటుంది.

ఒకే నగరంలో, ఒకే సిటీ బస్సు తిరిగే దూరంలో, ఇలా ఉండడం నాకు ఎంతో అపురూపంగా తోస్తుంది. భూమి దారి ఇంకాస్త గుండ్రంగా ఉన్నా, ఇరుసు ఇంకాస్త నిటారుగా ఉన్నా ఈ హద్దు ఎక్కడో నల్లగొండ వైపు పడేది. హైదరాబాదు బళ్ళల్లో భూగోళం చెప్పే ఉపాధ్యాయులు ఈ సంగతిని వదులుకోకూడదు. మన ఊరి నడుమ నుంచి పోయే గీత కన్నా పిల్లలకు బాగా నాటుకునే పాఠం ఏముంది?

హైదరాబాదుకు ఇంకో ప్రత్యేకత కూడా ఉంది. నవంబరు 3న సూర్యుడు ముందుకు పోవడం ఆపి వెనక్కి తిరుగుతాడు కాబట్టి, ఆ రోజుల్లో తేడా చాలా నెమ్మదిగా మారుతుంది. అక్టోబరు నెలాఖరు నుంచి నవంబరు 9, 10 దాకా దాదాపు రెండు వారాల పాటు చార్మినార్ దగ్గర నీడకూ గడియారానికీ తేడా 20 సెకన్లు దాటదు. అదే అన్నవరంలో డిసెంబరులో అయితే, ఒక్క రోజు ముందైనా తరువాతైనా అరనిమిషం తేడా వచ్చేస్తుంది. కాబట్టి ఏ తేదీన కలుస్తాయన్నదే కాకుండా ఎన్నాళ్ళు కలిసుంటాయన్నది కూడా అడగాలి. ఫిబ్రవరిలో మాత్రం చార్మినార్ మధ్యాహ్నం పన్నెండున్నరకు పడుతుంది, పదహారుకు పద్నాలుగు తోడై.

హద్దుకు పడమర ఉన్న కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్, నిజామాబాదు ఊళ్ళకు కలిసే రోజు లేదు. రాజస్థాన్‌లో జైపూర్ జంతర్‌మంతర్‌లో 27 మీటర్ల ఎత్తున నిలబడ్డ సామ్రాట్ యంత్రం రెండు సెకన్ల దాకా కాలాన్ని పట్టిస్తుందని పేరు. దానికీ లేదు. జైపూరు దేశాంతరం దాదాపు 27 నిమిషాలు, నవంబరులో కూడా పది నిమిషాల పైనే తేడా ఉంటుంది. అందులో ఆ యంత్రం లోపం ఏమీ లేదు, అది జైపూరు కాలాన్ని నిక్కచ్చిగా చెబుతోంది. అమెరికాలో న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉన్న మనవాళ్ళకు, అక్కడి ప్రామాణిక రేఖతో ఇదే లెక్క కడితే, డిసెంబరు 30న కుదురుతుంది. మార్చి నుంచి నవంబరు దాకా అక్కడ గడియారం గంట ముందు నడుస్తుంది కాబట్టి ఆ నెలల్లో ఆశ లేదు.

మన లెక్క నిజమో కాదో సరిచూసుకునే దారి కూడా ఉంది. హైదరాబాదులో 2023 మే 9న మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి నీడ మాయమవుతుందని పత్రికల్లో వచ్చింది, వేళ 12 గంటల 12 నిమిషాలు. ఆగస్టు 3న మళ్ళీ మాయమైంది, అప్పుడు 12 గంటల 23 నిమిషాలు. మన లెక్క వేయండి. పదహారు నిమిషాల ఆలస్యంలోంచి మే నెల ముందడుగు మూడున్నర తీసేస్తే పన్నెండున్నర. అదే పదహారుకు ఆగస్టు వెనకడుగు ఆరు పైచిలుకు కలిపితే ఇరవై రెండు పైచిలుకు. సరిపోయింది కదా.

ఇక చేసి చూడడం. కర్రను నిటారుగా పాతండి. నిటారుగా ఉందో లేదో తెలియడానికి దారానికి రాయి కట్టి వేలాడదీసి పక్కన పట్టుకోండి. కర్ర మొదలు కేంద్రంగా నేల మీద ఒక వృత్తం గీయండి. పొద్దున నీడ కొస ఆ వృత్తాన్ని లోపలికి దాటే చోట ఒక గుర్తు, మధ్యాహ్నం తరువాత బయటికి దాటే చోట ఇంకో గుర్తు పెట్టండి. రెండు గుర్తులనూ కలిపే గీత తూర్పు పడమరలు చూపిస్తుంది. దానికి అడ్డంగా, కర్ర మొదలు మీదుగా గీసిన గీత ఉత్తర దక్షిణాలు. సూర్యసిద్ధాంతంలో చెప్పిన పద్ధతి ఇదే. కంపాసు కన్నా దీన్నే నమ్మండి, చుట్టుపక్కల ఇనుప గేటో ఊచలో ఉంటే కంపాసు ముల్లు పక్కకు లాగుతుంది. మరుసటి రోజు నీడ ఆ ఉత్తరపు గీత మీదికి వచ్చిన క్షణాన గడియారం చూడండి. గడియారాన్ని ఆకాశవాణి సమయంతో ముందే సరిచేసుకుని ఉంచండి.

ఈ ప్రయోగం మే, ఆగస్టు నెలల్లో మన ప్రాంతంలో కుదరదు, సూర్యుడు నెత్తిమీదే ఉండి నీడ కర్ర మొదట్లో ముద్దగా పడుతుంది. నవంబరులో నీడ హాయిగా పొడుగుంటుంది. అయినా జాగ్రత్త కావాలి. నవంబరు మొదటి వారంలో ఉత్తరపు గీత ఒక్క డిగ్రీ పక్కకు పోతే వేళ రెండు నిమిషాలకు పైగా తప్పుతుంది. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న బింబం. తన వెడల్పును తాను దాటడానికే అతనికి రెండు నిమిషాలు పడుతుంది. అందుకని నీడ అంచును కాకుండా నడుమను చూడండి. కర్ర కొసన అట్టముక్క అతికించి దానికి సూదితో రంధ్రం పొడిస్తే, నీడ మధ్యలో గుండ్రని వెలుగు చుక్క పడుతుంది. దాని నడుమ గీతను దాటే వేళ పట్టుకుంటే అరనిమిషం లోపు తేడాతో మధ్యాహ్నం దొరుకుతుంది.

కర్నూలు, నిజామాబాదు శ్రోతలు తమకు తేదీ లేదని మానుకోవద్దు. నవంబరు 3న కర్నూలులో నీడ మధ్యాహ్నం గడియారంలో 12 దాటి 1 నిమిషం 25 సెకన్లకు పడాలి, నిజామాబాదులో 1 నిమిషం 13 సెకన్లకు, అనంతపురంలో 3 నిమిషాల 11 సెకన్లకు. మీ కర్ర దానికి అరనిమిషం కన్నా ఎక్కువ తేడా చూపిస్తే, ఉత్తరపు గీతను ఇంకోసారి గీసి మర్నాడు మళ్ళీ చూడండి. ఆ వారమంతా సెకన్లు పెద్దగా మారవు, తొందరేమీ లేదు.